పాత చీటీ తెచ్చావా?

ఓపీ గదిలో కూర్చున్న డాక్టరు రోజు మొత్తం మీద ఎక్కువసార్లు అడిగే ప్రశ్న ఏది? "ఏమిటి నీ బాధ?" అన్నదే అయి ఉంటుందని మీరనుకోవచ్చు. కాదు. "పాత చీటీ తెచ్చావా?" అన్నది. దానికి వచ్చే జవాబులు కూడా నాకు కంఠతా వచ్చు. "ఇంటికాడ మరిచిన సారూ." "వానకు తడిసి ముద్దయింది." "ఎలుకలు కొరికినయి." "అది పోయినేడాది జొరం చీటీ గద సారూ, దానితోని ఇప్పుడేం పని?"

ఆ చివరి జవాబు చెప్పినవాళ్ల మీద నాకు ఒకప్పుడు కోపం వచ్చేది. ఇప్పుడు రాదు. పాత చీటీతో ఏం పనో రోగికి విడమరిచి చెప్పవలసినవాణ్ణి నేనే గదా!

ఈ మధ్య ప్రభుత్వ ఆస్పత్రులకు వెళ్లినవారు ఒక మార్పు గమనించే ఉంటారు. ఓపీ కిటికీ దగ్గర లావుపాటి రిజిస్టరు ఉండే చోట కంప్యూటరు వచ్చింది. పేరు, వయసు, ఊరు చెబితే చీటీ అచ్చయి వస్తుంది. "ఇక మా జబ్బుల సంగతులన్నీ కంప్యూటర్లోనే ఉంటాయట గదా డాక్టరుగారూ, కాగితాలు దాచుకోనక్కరలేదా? దీనివల్ల వైద్యం బాగుపడుతుందా, లేక ఆలస్యం పెరుగుతుందా?" అని చదువుకున్నవారు అడుగుతుంటారు. దీనికి ఒక్క ముక్కలో జవాబు చెప్పలేను. ముందుగా నా చేతి మీదుగా జరిగిన ఒక పొరపాటు చెబుతాను. జవాబు అందులోనే దొరుకుతుంది.

నల్లబడిన మూత్రం

అది 2008 వానాకాలం. ఖమ్మం నుంచి కొత్తగూడెం, పాల్వంచ దాటి భద్రాచలం వైపు వస్తుంటే అడవి చిక్కబడుతుంది. ఆ అడవి అంచున ఒక ప్రభుత్వ ఆస్పత్రిలో పనిచేస్తున్నాను. వానలు పడితే మాకు జ్వరాల సంతే. ఆ రోజు నూట యాభై మందికి తక్కువ కాకుండా వరసలో ఉన్నారు. వారిలో ఇరవై రెండేళ్ల కోయ యువకుడు ఒకడు. 2005 తర్వాత ఛత్తీస్‌గఢ్‌లో గొడవలకు తట్టుకోలేక అడవి దాటి వచ్చి, ఇటువైపు గుడిసెలు వేసుకున్న కుటుంబాలలో అతనిది ఒకటి. చలిజ్వరం. రక్తం పరీక్ష చేయిస్తే వైవాక్స్ మలేరియా అని తేలింది.

వైవాక్స్ మలేరియాకు మూడు రోజులు క్లోరోక్విన్ ఇస్తాము. అంతటితో జ్వరం తగ్గుతుంది గాని, కాలేయంలో దాక్కున్న క్రిములు కొన్ని వారాలకో నెలలకో మళ్లీ లేచి వస్తాయి. వాటిని కూడా తుడిచిపెట్టడానికి పద్నాలుగు రోజులు ప్రైమాక్విన్ అనే మాత్ర ఇస్తాము. అతన్నీ అలవాటుగా అడిగాను, పాత చీటీ తెచ్చావా అని. తల అడ్డంగా ఊపాడు. మందులు రాసిచ్చాను. తర్వాతి వాణ్ణి పిలిచాను.

నాలుగో రోజు సాయంత్రం అతన్ని డోలీ కట్టి మోసుకొచ్చారు. కళ్లు పసుపు ముద్దల్లా ఉన్నాయి. మూత్రం కాఫీ డికాషను రంగులో ఉంది. మూడు మెట్లు ఎక్కితే రొప్పుతున్నాడు. రక్తం సగానికి సగం విరిగిపోయింది. ప్రైమాక్విన్ ఆపేసి, సెలైను పెట్టి, ఖమ్మం నుంచి రక్తం తెప్పించి ఎక్కించాము. మూత్రపిండాలు దెబ్బతినకపోవడం అతని అదృష్టం, నా అదృష్టం. బతికాడు.

కొందరి ఎర్రరక్తకణాలలో జి-6-పి-డి అనే ఎంజైము పుట్టుకతోనే తక్కువగా ఉంటుంది. మామూలు రోజుల్లో వారికి ఏ లోటూ తెలియదు. ప్రైమాక్విన్ వంటి కొన్ని మందులు పడినప్పుడు మాత్రం ఆ కణాలు పగిలిపోతాయి. మలేరియా తరతరాలుగా ఉన్న ప్రాంతాల ప్రజలలో ఈ లోపం ఎక్కువగా కనిపిస్తుంది. తల్లి ద్వారా సంక్రమిస్తుంది, మగపిల్లల్లో ఎక్కువగా బయటపడుతుంది. (ఇది చదివి ఎవరూ మలేరియా మాత్రలు మధ్యలో మానేయకండి. చాలామందికి అవి ఏ ఇబ్బందీ కలిగించవు. మూత్రం నల్లబడితే మాత్రం మాత్ర ఆపి వెంటనే ఆస్పత్రికి రండి.)

మరునాడు అతని తల్లి గుడిసెకు వెళ్లి చూరులో దోపిన వెదురు బొంగు ఒకటి తెచ్చి నా బల్ల మీద పెట్టింది. బొంగులో చుట్ట చుట్టిన కాగితాలు. అందులో ఒకటి అంతకు ముందు ఏడాది వేరే చోట ఒక డాక్టరు రాసిచ్చినది. ఎర్ర సిరాతో, గీత గీసి మరీ, ఇంగ్లీషులో రాశాడాయన: ఇతనికి మూత్రం నల్లబడింది, ప్రైమాక్విన్ ఇక ఎప్పుడూ ఇవ్వరాదు అని.

ఆ తల్లికి చదువు రాదు. అయినా ఆ గుడిసెలో ఎక్కడ తడి తగలదో, ఎక్కడ ఎలుక చేరదో అక్కడ దాన్ని ఏడాదిపాటు భద్రపరిచింది. మరి కొడుకు చీటీ లేదని ఎందుకు చెప్పాడు? అతని భాష కోయ. తెలుగు అంతంతమాత్రం. చీటీ అంటే ఆ రోజు కిటికీ దగ్గర ఇచ్చే ఓపీ చీటీ అనుకున్నాడు. అది నర్సు తీసుకుంది గనక తన దగ్గర లేదని తల ఊపాడు. నేను మళ్లీ ఇంకోరకంగా అడగలేదు. తప్పు నాదే.

కంప్యూటరు ఉంటే ఆగేదా?

ఆ సంఘటన తర్వాత చాలా ఏళ్లకు కంప్యూటర్లు వచ్చాయి. అప్పటి నుంచి నాలో నేను ఈ ప్రశ్న వేసుకుంటూనే ఉన్నాను: ఆనాడు నా బల్ల మీద కంప్యూటరు ఉండి ఉంటే ఆ పొరపాటు ఆగేదా? ఆగేది, కాని నాలుగు షరతుల మీద. మొదటిది, ఆ ముందు డాక్టరు ఎర్ర సిరా మాటను కంప్యూటర్లో ఎక్కించి ఉండాలి. రెండవది, అక్కడ ఎక్కించినది ఇక్కడ కనబడాలి. మూడవది, ఆ మనిషీ ఈ మనిషీ ఒకడే అని దానికి తెలియాలి. నాలుగవది, మందు రాసే ముందు నేను దాన్ని చూడాలి. ఈ నాలుగింటిలో ఏ ఒక్కటి తప్పినా లక్షల రూపాయల యంత్రం వెదురు బొంగుకు సాటి రాదు. ఒక్కొక్కటీ చూద్దాం.

వరసకు లెక్కా, జబ్బుకు లెక్కా?

ఆస్పత్రిలో చేరిన రోగుల కాగితాలను మూడేళ్లు భద్రపరచాలని, అడిగితే 72 గంటల లోపల ఇవ్వాలని 2002 నాటి వైద్యమండలి నిబంధనలు చెబుతున్నాయి. కాని ఆస్పత్రిలో చేరకుండా చూపించుకుని వెళ్లిపోయే ఓపీ రోగి సంగతి వేరు. అతని కాగితం అతని చేతిలోనే ఇంటికి వెళ్లిపోతుంది. మన దేశంలో వైద్యం చాలావరకు ఓపీలోనే జరుగుతుంది. అంటే చాలావరకు వైద్య చరిత్ర చూరుల్లో, ట్రంకు పెట్టెల్లో, పర్సుల్లో, బియ్యం డబ్బాల్లో ఉన్నదన్నమాట.

ఎలక్ట్రానిక్ వైద్య రికార్డు అంటే ఆ కాగితం మీది సంగతులు, అంటే జబ్బు పేరు, పరీక్షల ఫలితాలు, ఇచ్చిన మందులు, పడని మందులు, కంప్యూటర్లో ఉండి, మళ్లీ వచ్చినప్పుడు డాక్టరు ముందుకు రావడం. కిటికీ దగ్గర చీటీ అచ్చువేయడం ఇది కాదు సుమా! చాలాచోట్ల కంప్యూటరు కిటికీ దగ్గరే ఆగిపోయింది. ఈ రోజు ఎంతమంది వచ్చారు, ఆడవారెందరు, మగవారెందరు అన్నది దానికి తెలుసు. వారికి ఏం జబ్బు, ఏం మందు ఇచ్చాం అన్నది తెలియదు. అది డాక్టరు కలంతో చీటీ మీద రాస్తాడు, చీటీ ఇంటికి పోతుంది. ఇటువంటి ఏర్పాటు వల్ల వరస తొందరగా కదలవచ్చు గాని, వైద్యం మారదు.

లోపలి గది దాకా కంప్యూటరు వస్తే ఏం మేలు జరుగుతుందో ఒక ఉదాహరణ చెబుతాను. రక్తపోటు ఉన్న మనిషి నెలనెలా మాత్రలకు వస్తాడు. నెలకో కొత్త చీటీ. ప్రతి చీటీ మీదా ఒకే ఒక్క అంకె. ఈ నెల 150/94 ఉంటే, "కొంచెం ఎక్కువుంది, ఉప్పు తగ్గించు" అని అవే మాత్రలు రాస్తాము. అదే ఆరు నెలల అంకెలు ఒక దాని కింద ఒకటి వరసగా కనబడితే? 152, 156, 150, 158, 154, 150! ఈ మాత్ర సరిపోవడం లేదని, లేదా ఆయన వేసుకోవడం లేదని చూడగానే తెలిసిపోతుంది. ఒంటరి అంకె ఆ సంగతి చెప్పదు. గర్భిణికి రక్తం శాతం నెలనెలా ఎలా పడిపోతున్నదో, పసివాడి బరువు ఎక్కడ ఆగిపోయిందో కూడా ఇలాగే తెలుస్తుంది. పక్షవాతాన్నీ కాన్పు గండాన్నీ ముందే పసిగట్టే అవకాశం ఇది.

రోగి సమస్యలన్నిటినీ ఒక జాబితాగా రికార్డు మొదట్లోనే రాయాలని లారెన్స్ వీడ్ అనే అమెరికన్ వైద్యుడు 1968లోనే వాదించాడు. కంప్యూటర్లు ఇంటింటికీ రాకముందు మాట అది. పడని మందు, పాత పెద్ద జబ్బు పై వరసలో ఉంటే ఎంత తొందరలో ఉన్న డాక్టరు కంటికైనా ఆనుతాయి. మూడో పేజీలో ఉంటే ఆనవు.

గోదావరికి సరిహద్దులు తెలియవు

రెండవ షరతు, ఒకచోట ఎక్కించినది మరోచోట కనబడటం. మా ప్రాంతంలో ఇది చిన్న సంగతి కాదు. 2014లో రాష్ట్రం విడిపోయినప్పుడు పోలవరం ముంపు మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. భద్రాచలం పట్టణం తెలంగాణలో ఉండిపోయింది. కూనవరం, చింతూరు వైపువారు ఆ రాష్ట్రంవారయ్యారు. రోగం వస్తే మాత్రం దగ్గరగా ఉన్న ఊరికే వస్తారు. ఛత్తీస్‌గఢ్‌లోని కుంట నుంచి వస్తారు, ఒడిశాలోని మల్కనగిరి వైపు నుంచీ వస్తారు. ఒక్క జ్వరానికి ఒక మనిషి మూడు రాష్ట్రాల మందులు మింగి నా ముందు కూర్చున్న రోజులున్నాయి. ఏ రాష్ట్రం కంప్యూటరు ఆ రాష్ట్రానికే పరిమితమైతే అటువంటి మనిషికి ఒరిగేదేమిటి?

ఈ చిక్కు తీరడానికే కేంద్రప్రభుత్వం 2013లో ఎలక్ట్రానిక్ ఆరోగ్య రికార్డులకు ప్రమాణాలు ప్రకటించి, 2016లో వాటిని సవరించింది. 2021 సెప్టెంబరులో ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ మొదలయింది. దీని కింద ఎవరైనా పద్నాలుగు అంకెల 'ఆభా' నంబరు తీసుకోవచ్చు. మీ జబ్బుల సంగతులన్నీ ఢిల్లీలో ఒకే పెట్టెలో పోసి పెట్టడం కాదిది. ఏ ఆస్పత్రి రికార్డు ఆ ఆస్పత్రి దగ్గరే ఉంటుంది. మీరు ఒప్పుకుంటే, ఈ నంబరు ఆధారంగా ఇంకో ఆస్పత్రి దాన్ని చూడగలుగుతుంది. ఆలోచన మంచిది. కాని రెండు ఆస్పత్రులూ ఇందులో చేరి ఉండాలి, రెండు చోట్లా డాక్టరు సంగతులు ఎక్కించి ఉండాలి. అప్పుడే గదా పంచుకోవడానికి ఏమైనా ఉండేది!

ఇది జరగని పనేమీ కాదు. హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ తన సొంత కంప్యూటరు రికార్డును తానే తయారు చేసుకుని 2010 తర్వాత తన కేంద్రాలన్నిటికీ విస్తరించింది. మా పాల్వంచలో కూడా వారి కంటి ఆస్పత్రి ఉంది. చిన్న కేంద్రంలో చూపించుకున్న రోగిని పై ఆస్పత్రికి పంపితే అతని వివరాలు అతనికంటే ముందే అక్కడికి చేరుతాయి. ఒకే సంస్థ, ఒకే అవయవం గనక వారికి కొంత సులువు. అన్ని జబ్బులూ, అన్ని శాఖలూ, మూడు రాష్ట్రాలూ అంటే అంత సులువు కాదు. అయినా దారి మాత్రం అదే.

ఏ మడకం? ఏ సోయం?

మూడవ షరతు వినడానికి చిన్నదిగా ఉంటుంది. మనిషిని గుర్తుపట్టడం! మా వైపు కోయ గూడేలలో ఒకే ఇంటిపేరు పది గడపలకు ఉంటుంది. మడకం, సోయం, కుంజా, మడివి. వ్యక్తుల పేర్లు కూడా అవే మళ్లీ మళ్లీ వస్తాయి. ఒకే గూడెంలో ఒకే పేరు, ఒకే ఇంటిపేరు గల ముగ్గురికి నేను వైద్యం చేశాను. వయసు అడిగితే, "పెద్ద వరద వచ్చినప్పుడు నడుస్తున్ననంట" అంటారు. పుట్టినరోజు తెలియనివారికి కార్డుల మీద జనవరి ఒకటో తేదీ పడుతుంది. అదీ ముగ్గురికీ ఒకటే. ఫోను నంబరు చెప్పమంటే గూడెంలో ఫోను ఉన్న ఒక్కడి నంబరే అందరూ చెబుతారు.

పైగా కంప్యూటర్లో పేరు ఇంగ్లీషు అక్షరాలలో ఎక్కిస్తారు. ఒకరు మడకంలో ఒక అక్షరం ఎక్కువ కొడతారు, ఇంకొకరు తక్కువ కొడతారు. కంప్యూటరు దృష్టిలో ఇద్దరు మనుషులయ్యారు. ఒక మనిషి రెండు ముక్కలయితే పాత సంగతి దొరకదు. అంతకంటే ప్రమాదం, ఇద్దరు మనుషులు ఒకరయిపోవడం. ఒకరి రక్తపరీక్ష ఇంకొకరి పేరున చూసి మందు రాస్తే? కాబట్టి గుమాస్తా పేరు ఒక్కటే అడిగి ఊరుకోకూడదు. తండ్రి పేరు లేదా భర్త పేరు, గూడెం పేరు, చివరిసారి ఎందుకు వచ్చారో కూడా అడగాలి. అక్కడ రెండు నిమిషాలు ఎక్కువ పట్టినా, ఆ రెండు నిమిషాలు వృథా కావు.

ఒక మాట గట్టిగా చెప్పాలి. ఆభా నంబరు ఐచ్ఛికం. కార్డు లేదని, నంబరు లేదని, ఫోను లేదని ఎవరినీ వైద్యం ఇవ్వకుండా తిప్పి పంపకూడదు. అడవి దాటి వచ్చినవారిలో ఏ కార్డూ లేనివారు ఉంటారు. మలేరియా దోమ కార్డు చూసి కుట్టదు.

"దాన్ని కాదు, నన్ను చూడు"

ఇక నాలుగవ షరతు డాక్టరుకు సంబంధించినది. తెర మీద ఉన్నా చూడకపోతే లాభం లేదు. తెర ఒక్కటే చూసినా లాభం లేదు.

ఆలస్యం సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. కెన్యాలో మొసొరియట్ అనే పల్లెటూరి ఆరోగ్యకేంద్రంలో 2001లో కంప్యూటరు రికార్డు పెట్టి, అంతకు ముందూ తర్వాతా రోగి సమయం ఎక్కడెక్కడ గడుస్తున్నదో కొలిచారు. రోగి కేంద్రంలో గడిపే సమయం 22 శాతం తగ్గింది. కాచుకుని కూర్చునే సమయం 38 శాతం తగ్గింది. వెతుకులాట, ఒకే సంగతి మూడు పుస్తకాలలో రాయడం తప్పాయి గనక. ఇది ఒక వైపు. అమెరికాలో 57 మంది డాక్టర్ల పనిని గమనించి 2016లో ప్రకటించిన పరిశీలన ఒకటి ఉంది. రోగితో ముఖాముఖి గడిపే ప్రతి గంటకూ డాక్టరు దాదాపు రెండు గంటలు కంప్యూటరుతోనూ, రాతకోతలతోనూ గడుపుతున్నాడని అందులో తేలింది. ఇది రెండో వైపు.

రెండూ నిజమే. తేడా ఎక్కడ వచ్చింది? కంప్యూటరు రాగానే పాత పుస్తకాలు మూసేస్తే సమయం కలిసి వస్తుంది. పాత పుస్తకాలన్నీ ఉంచి, వాటి మీద కంప్యూటరు కూడా పెడితే పని రెట్టింపవుతుంది. పగలంతా ఊళ్లు తిరిగి రిజిస్టరులో రాసిన ఏ.ఎన్.ఎం. అమ్మాయి సాయంత్రం సిగ్నలు దొరికే చెరువుగట్టు మీద నిలబడి అదే మళ్లీ ఫోనులో ఎక్కించడం నేను చూశాను. ఆ అమ్మాయి ఎక్కించే అంకెలలో తప్పులు దొర్లితే ఆమెను అని ఏం లాభం? కరెంటు పోయినా, నెట్‌వర్కు పోయినా పని ఆగకుండా ఉండే ఏర్పాటు లేకుండా అడవి ప్రాంతానికి కంప్యూటరు పంపితే, వానాకాలంలో అది బల్ల మీద బరువే.

మన దగ్గర రోగికి దొరికే సమయమే తక్కువ. ప్రపంచంలో 67 దేశాల లెక్కలు తీసి 2017లో ప్రచురించినప్పుడు, డాక్టరు ఒక రోగికి ఇచ్చే సమయం బంగ్లాదేశ్‌లో 48 సెకన్లు, స్వీడన్‌లో ఇరవై రెండున్నర నిమిషాలు అని తేలింది. మా ఓపీలో వరస బారుగా ఉన్న రోజు మేము ఏ చివరకు దగ్గరో మీకు తెలియనిది కాదు. ఉన్న రెండు నిమిషాలలో ఒక నిమిషం టైపు కొట్టడానికే పోతే?

కొత్తగా కంప్యూటరు అలవాటు చేసుకుంటున్న రోజుల్లో ఒక ముసలమ్మ నా ఎదుట స్టూలు మీద కూర్చుని తన నడుం నొప్పి చెబుతున్నది. నేను తెర వైపు తిరిగి అక్షరాలు వెతుక్కుంటున్నాను. ఆమె ఆగిపోయింది. తల తిప్పి చూశాను. "అయ్యా, దాన్ని కాదు, నన్ను చూడు" అన్నది. సిగ్గుపడ్డాను. చూస్తే, నడుం నొప్పి కాదు ఆమె అసలు బాధ. రెండు నెలలుగా దగ్గు, సాయంత్రం జ్వరం, చిక్కిపోయింది. కఫం పరీక్షకు పంపితే క్షయ అని తేలింది. ఆ రోజు నుంచి నేనొక పద్ధతి పెట్టుకున్నాను. రోగి లోపలికి రాగానే తెర మీద పై వరస ఒక్కసారి చూస్తాను. తర్వాత తెర వదిలి మనిషిని చూస్తాను, వింటాను, ముట్టుకుంటాను. చివర ఎక్కించేది ఎక్కిస్తూ, "ఇదిగో, నీకు ఈ మందు రాస్తున్నాను" అని పైకి చదువుతాను. చదివితే రోగి సరిదిద్దుతాడు. "ఆ గోళీ నాకు పడదు సారూ" అన్న మాట ఎక్కువసార్లు అప్పుడే బయటికి వస్తుంది.

పాఠకులు చేయవలసినవి

ఇంతవరకు ప్రభుత్వాలూ డాక్టర్లూ చేయవలసిన సంగతులు చెప్పాను. ఇక మీ వంతు.

1. కాగితాలు పారేయకండి. కంప్యూటరు వచ్చినా సరే. ఇంట్లో ఒక్కొక్కరికి ఒక్కొక్క పాలిథిన్ కవరు పెట్టుకుని, కొత్త కాగితం పైన వచ్చేలా వరసగా ఉంచండి. ఎక్స్‌రే ఫిల్ముకంటే దాని రిపోర్టు ముఖ్యం. ఫోను ఉంటే ప్రతి చీటీకీ ఫోటో తీసుకోండి.

2. పడని మందు పేరు తెలుగులో పెద్ద అక్షరాలతో రాయించుకుని కవరు పైనే అంటించండి. దద్దుర్లు వచ్చిందా, ఊపిరి ఆడలేదా, మూత్రం నల్లబడిందా అన్నది కూడా రాయించండి. డాక్టరు అడగకపోయినా చెప్పండి.

3. చీటీ మీద జబ్బు పేరు లేకపోతే, "సారూ, జబ్బు పేరు కూడా రాయండి" అని అడగండి. అడగడం తప్పు కాదు, అది మీ హక్కు. సూది మందు చేస్తే ఆ సూది పేరు కూడా రాయించుకోండి.

4. ఎక్కడ పేరు రాయించినా ఆధార్ కార్డు మీద ఉన్నట్టే రాయించండి. ఇంట్లో ముద్దుపేరు ఒకటి, కార్డు పేరు ఒకటి అయితే మీ రికార్డు రెండుగా చీలిపోతుంది.

5. ఆభా నంబరు తీసుకుంటే మంచిదే. తీసుకున్నాక ఆ నంబరు కవరు మీద రాసి పెట్టుకోండి. అయితే ఫోనుకు వచ్చే ఓటీపీ మీ ఎదుట కూర్చున్న ఆస్పత్రి సిబ్బందికి తప్ప, ఫోను చేసి అడిగేవారెవరికీ చెప్పకండి.

6. మీ జబ్బు సంగతి మీది. ఎవరికి చూపడానికి ఒప్పుకుంటున్నారో తెలుసుకుని ఒప్పుకోండి. హెచ్.ఐ.వి. సంగతులు రహస్యంగా ఉంచాలని 2017 చట్టం ఉంది. వ్యక్తిగత సమాచారం కాపాడటానికి 2023లో పార్లమెంటు మరో చట్టం చేసింది. ఓపీ గదిలో తెర మీ వెనక నిలబడ్డవారికి కనబడుతుంటే పక్కకు తిప్పమని చెప్పండి.

7. బీపీ, షుగరు, ఫిట్లు, ఉబ్బసం ఉన్నవారు నెలనెలా అంకెలు ఒకే పుస్తకంలో రాయించుకోండి. పది రూపాయల నోటు పుస్తకం చాలు.

మేనమామ చీటీ

ఆ యువకుడి కథ అక్కడితో అయిపోలేదు. రక్తం విరిగిన వెంటనే పరీక్ష చేస్తే ఫలితం తప్పుగా మామూలుగా రావచ్చు గనక మూడు నెలలు ఆగి పరీక్ష చేయించాము. జి-6-పి-డి లోపం ఉన్నదని రూఢి అయింది. అతనికి తెలుగులో ఒక అట్టముక్క రాసి, పైన ప్లాస్టిక్ అంటించి ఇచ్చాను. అతనికి చదువు రాదు గనక అందులో ఏముందో నోటితోనూ నేర్పాను.

పోయిన వానాకాలంలో అతను మళ్లీ వచ్చాడు. ఇప్పుడు నలభైకి దగ్గర పడ్డాడు. తెలుగు బాగా వచ్చింది. వెంట తొమ్మిదేళ్ల పిల్లవాడు, అక్క కొడుకు. చలిజ్వరం. కిటికీ దగ్గర పేరు కొడితే కంప్యూటరు శుభ్రంగా కొత్త పేజీ తెరిచింది. పిల్లవాడు ఏ ఆస్పత్రికీ రావడం అదే మొదటిసారి. పడని మందుల గడి ఖాళీ. నియమం ప్రకారం అందులో తప్పేమీ లేదు.

నేను పాత చీటీ అడగబోయేలోగానే అతను ఆ పాత అట్టముక్క తీసి నా బల్ల మీద పెట్టాడు. అంచులు అరిగిపోయాయి, అక్షరాలు కనబడుతూనే ఉన్నాయి. "సారూ, నాకు పడని గోళీ మా అక్క కొడుక్కి పడుతుందా?" అని అడిగాడు.

ఆ ప్రశ్న ఏ కంప్యూటరూ అడగలేదు. తల్లి ద్వారా వచ్చే లోపం గనక మేనమామకు ఉంటే మేనల్లుడికి ఉండవచ్చు. ప్రైమాక్విన్ రాయకుండా ఆపి ముందు పరీక్షకు పంపాను. లోపం ఉన్నట్టే తేలింది. ఆ సంగతి పిల్లవాడి పేజీలో పై వరసలో నేనే టైపు చేశాను. అతని పేజీలోనూ చేశాను. వాళ్లమ్మకు ఒకటి, వాడి మెడలో తాడుకు కట్టడానికి ఒకటి, రెండు కొత్త అట్టముక్కలు కూడా రాసిచ్చాను.

కాబట్టి కంప్యూటరు వచ్చింది గదా అని కాగితం పారేయకండి. కాగితం ఉంది గదా అని కంప్యూటర్లో ఎక్కించమని అడగడం మానకండి. డాక్టరు ఎంత తొందరలో ఉన్నా ఆపి, మీకు పడని మందు ఏదో చెప్పకుండా మాత్రం ఆ గదిలోంచి బయటికి రాకండి.